గద్దకు పరుపు వద్దు, సరైన కర్ర కావాలి: మాంజాకు గాయపడ్డ పక్షుల కోసం బోన్లు, పెట్టెలు కట్టిన నా అనుభవం

సంక్రాంతి మూడు రోజులే అనుకుంటాం. కానీ చెట్లకు, కరెంటు తీగలకు చిక్కుకున్న గాలిపటాల మాంజా అలాగే వేలాడుతూ ఉంటుంది. తెగిన రెక్కలతో పక్షులు దొరకడం ఫిబ్రవరి దాకా ఆగదు. ఈ ఏడాది జనవరి నుంచి మే వరకు, హైదరాబాద్‌లో అటవీ శాఖ అనుమతితో నడిచే ఒక పక్షుల సంరక్షణ కేంద్రానికి బోన్లు, వాలే కర్రలు, గూడు పెట్టెలు ఇంట్లోనే చేసిచ్చాం. నేను, మా మామయ్య, మా వీధి చివర ఉండే వడ్రంగి మేస్త్రి కలిసి చేసిన పని ఇది. ఏది ఎలా కట్టాం, ఎంతయింది, దేనికి ఎంత ఆగాల్సి వచ్చింది అన్నీ రాస్తున్నాను. ఎందుకంటే మంచి మనసుతో చిలక పంజరాలు, మెత్తటి దుప్పట్లు పట్టుకొచ్చేవాళ్లను అక్కడ చాలామందిని చూశాను. గాయపడ్డ గద్దకు వాటివల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

జనవరి 17 పొద్దున మా వెనక వీధిలో నిద్రగన్నేరు చెట్టు మీద ఒక గద్ద తలకిందులుగా వేలాడుతోంది. కాకులు పొడుస్తున్నాయి. రెస్క్యూ వాళ్ల ఫోన్ కలవడానికే అరగంట పట్టింది. వాళ్లు వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఆ వారమంతా వాళ్లకు నిద్ర లేదని ముఖాలు చూస్తేనే తెలిసింది. పొడవాటి బొంగుకు కొడవలి కట్టి కొమ్మ కోశారు, కింద మేం నలుగురం దుప్పటి పట్టుకున్నాం. రెక్క ముందు అంచులో, భుజానికీ మణికట్టుకూ మధ్య ఉండే పల్చటి చర్మంలోకి దారం లోతుగా దిగిపోయి ఉంది. ఆ దారాన్ని లాగకూడదట. రెండు పక్కలా కత్తిరించి, లోపలి ముక్కను అలాగే వదిలి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, పక్కల చిన్న చిల్లులు పెట్టి అందులో ఉంచారు. నీళ్లు పెడదామా అని అడిగాను.

"వద్దక్కా. తెరిచి కూడా చూడకు. నువ్వు సాయం చేస్తున్నవని దానికి తెల్వదు. తినడానికొచ్చినవ్ అనుకుంటది" అన్నాడు రెస్క్యూకి వచ్చినవాళ్లలో ఒక అబ్బాయి.

తర్వాత నెలల్లో ఏ వస్తువు చేసినా ముందు ఆ మాటే గుర్తొచ్చేది.

రెండు రోజుల తర్వాత దాన్ని చూడ్డానికి కేంద్రానికి వెళ్లాను. వరండా నిండా అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. గద్దలు, పావురాలు, కొంగలు, మూలన ఒక గుడ్లగూబ. సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయినా ప్రతి పెట్టెలో పక్షికీ అదే గాయం. చైనా మాంజా అంటాం గానీ ఇందులో చాలా భాగం మన దేశంలోనే తయారవుతుంది. అమ్మేవాళ్లూ మన మధ్యే ఉన్నారు, కొనిచ్చేది మనమే. ఇంకో ఘోరం ఏంటంటే, మన దగ్గర గద్దలు గూళ్లు కట్టి గుడ్లు పెట్టే కాలమూ ఇదే. ఆ పెట్టెల్లో ఉన్న పక్షుల్లో కొన్నిటికి ఏదో చెట్టు మీద పిల్లలు ఉండి ఉంటాయి.

డబ్బిద్దామని వెళ్లాను. డాక్టర్ గారు ఇంకోటి అడిగారు. "ఆపరేషన్ అయిన పక్షిని పెట్టడానికి చోటు లేదమ్మా. మీ ఇంట్లో వడ్రంగం తెలిసినవాళ్లుంటే బోన్లు చేయించండి." మా మామయ్య రిటైరయ్యాక చెక్కపనే కాలక్షేపం. ఆ సాయంత్రమే టేపు, పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు.

మొదటి ఆశ్చర్యం కొలతల దగ్గరే. గద్ద రెక్కలు చాపితే దాదాపు ఐదడుగులు. కాబట్టి బోను ఆరడుగులు ఉండాలనుకున్నారు మామయ్య. డాక్టర్ గారు మాత్రం రెండున్నర అడుగులు చాలన్నారు. కట్టు కట్టిన రెక్క కదలకూడదు. చోటు ఎక్కువుంటే ఎగరడానికి ప్రయత్నించి కుట్లు తెంపుకుంటుంది. మొదటి రెండు మూడు వారాలకు ఇరుకైన బోనే మందు. ఆ తర్వాత మధ్యరకం, ఆఖరున ఎగరగలిగేంత పెద్దది. అంటే ఒక్కో పక్షి కోలుకునేలోపు మూడు ఇళ్లు మారుతుంది.

ఇంకా ఆవిడ చెప్పినవి: కోళ్ల జాలి వాడొద్దు. బెదిరిన పక్షి జాలికి కొట్టుకుంటే రెక్కల ఈకలు విరుగుతాయి, ముక్కు మొదట్లో ఉండే మెత్తటి చర్మం చీరుకుపోతుంది. ఈక విరిగితే అది రాలి కొత్తది వచ్చేదాకా, అంటే ఒక్కోసారి నెలలపాటు, పక్షిని వదలడానికి కుదరదు. మూడు పక్కలా చెక్క, ముందు నిలువు పుల్లలు, వాటి మీద బయటికి కనిపించకుండా గుడ్డ. వార్నిష్ వద్దు, రంగు వద్దు. మేకు మొన ఒక్కటి కూడా లోపలికి పొడుచుకు రాకూడదు.

చెక్క కోసం బాలానగర్ వైపు పాత ప్యాకింగ్ పెట్టెలు అమ్మేచోటికి వెళ్లాం. యంత్రాలు దిగుమతైన పైన్ చెక్క పెట్టెలవి. విప్పి, సాండ్ పేపర్ పట్టి, ఎండలో పెట్టాం. ముందు పుల్లలకు కరెంటు వైరింగుకు వాడే పీవీసీ గొట్టాలు సరిపోయాయి. నున్నగా ఉంటాయి, కడిగితే మురికి పోతుంది. ఒక్కో బోనుకు పదకొండు వందల నుంచి పదమూడు వందల మధ్య అయింది. అందులో చెక్క కంటే స్క్రూలు, కీళ్లు, గడియలకే ఎక్కువ. కింద పరచడానికి పాత పేపర్లు. గడ్డి, రంపపు పొట్టు వేస్తే బూజు పట్టి పక్షుల ఊపిరితిత్తులు పాడవుతాయట. మేస్త్రికి కూలి ఇవ్వబోతే మొదటి రోజుకు తీసుకున్నాడు. రెండోసారి కేంద్రానికి మాతో వచ్చి, కట్టుతో ఉన్న గద్దను చూశాక, "దీనికి పైసల్ తీస్కుంటే నాకు మంచిగనిపియ్యదమ్మా" అని టీ మాత్రం తాగి వెళ్లాడు.

ఇక వాలే కర్రలు. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, అసలు జాగ్రత్తంతా ఉండాల్సిందీ ఇక్కడే. గద్ద రోజంతా నిలబడే ఉంటుంది. నున్నటి గుండ్రటి కర్ర ఒకటే పెడితే పాదంలో ఒకేచోట బరువు పడి, ముందు ఎర్రబడి, తర్వాత వాచి, చీము పడుతుంది. బంబుల్‌ఫుట్ అంటారు. రెక్క నయమైన పక్షి ఈ కాలి పుండుతో చనిపోయిన సందర్భాలు ఉన్నాయని డాక్టర్ గారు చెప్పినప్పుడు నా కడుపులో తిప్పినట్టయింది. అందుకే అంగుళం నుంచి రెండంగుళాల వరకు రకరకాల లావు ఉండాలి, పైభాగం గరుకుగా, కాస్త మెత్తగా ఉండాలి. కర్రను పట్టుకున్నప్పుడు వేళ్లు సగానికి పైగా చుట్టుకోవాలి, గోళ్లు అరిపాదానికి గుచ్చుకోకూడదు.

వేప కొమ్మలు ఉచితంగా దొరికాయి. ఎండాకాలానికి ముందు తీగల కింద కొమ్మలు కొట్టడానికి కరెంటు వాళ్లు వస్తారు కదా, వాళ్లను అడిగి వంకర కొమ్మలు ఏరుకున్నాం. బెరడు తీయలేదు. సగం కొమ్మలకు కొబ్బరి తాడు బిగించి చుట్టాం, మిగతావాటికి బాల్కనీల్లో పరిచే ప్లాస్టిక్ గడ్డి ముక్కలు తొడిగాం. ఆ గడ్డి షాపులో మిగిలిన ముక్కలు కిలో లెక్కన ఇచ్చారు, మొత్తం నాలుగు వందలు. కొబ్బరి తాడు కిలో నూట అరవై. చుట్టేటప్పుడు చేతులు కోసుకుపోయాయి. మా అత్తయ్య కొబ్బరి నూనె రాసి, "గద్ద కాళ్లకు పుండ్లు రావద్దని నీ చేతులకు తెచ్చుకున్నావా" అని కోప్పడి, ఆ మర్నాడు తనే నా పక్కన కూర్చుని తాడు చుట్టింది. రెక్కకు కట్టున్న పక్షి ఎగరలేదు కాబట్టి కర్ర నేలకు జానెడు ఎత్తులోనే బిగించాలి. గోడకు దగ్గరగా పెడితే తోక రాసుకుంటుంది. నీళ్ల గిన్నె పైన పెడితే రెట్ట నీళ్లలో పడుతుంది.

తోక అంటే గుర్తొచ్చింది. చిన్న బోనులో తోక ఈకలు విరగకుండా తొడుగు వేస్తారు. దానికి కావాల్సింది పాత ఎక్స్‌రే ఫిల్మ్! పల్చగా, గట్టిగా ఉంటుంది, తడిసినా పాడవదు. బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి నలుపు వదిలించి, కడిగి ఆరబెట్టి, కవరులా మడిచి అంచులకు టేపు వేస్తే తోకకు సరిపోతుంది. మామయ్య మోకాళ్ల ఎక్స్‌రేలు, అత్తయ్య నడుము ఎక్స్‌రేలు అన్నీ బీరువాలోంచి బయటికొచ్చాయి. ఇప్పుడు చాలాచోట్ల ఎక్స్‌రే ఫోన్‌లోకే పంపిస్తున్నారు, కాబట్టి పాత ఫిల్ములకు కరువే.

మా వీధిలో దొరికిన గద్దకు జనవరి 21న ఆపరేషన్ జరిగింది. ఎదురుచూడాల్సింది మాత్రం ఆ తర్వాతే. చర్మం అతుక్కుంటుందా లేదా తెలియడానికి పది రోజులు. కట్టు మరీ ఎక్కువ రోజులు ఉంచితే రెక్క బిగుసుకుపోతుంది, తీస్తే కుట్లు తెగుతాయి. అందుకని నాలుగైదు రోజులకోసారి మత్తిచ్చి రెక్కను మెల్లగా చాపి, ముడిచి మళ్లీ కడతారు. ఆ పది రోజుల్లో పక్క బోన్లలోని గద్దలు కొన్ని చనిపోయాయి. పొద్దున కేంద్రం నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి భయమేసేది. ఒక బోను తీసుకెళ్లిన రోజే ఖాళీ అయింది. దాన్ని కడిగి, ఎండబెట్టి, సాయంత్రానికి ఇంకో పక్షిని పెట్టారు. ఏడవడానికి కూడా అక్కడ ఎవరికీ టైమ్ లేదు.

ఫిబ్రవరిలో పెద్ద బోను పని మొదలైంది. కేంద్రం ఉన్న స్థలం వాళ్ల సొంతం కాదు. పైకప్పు వేయడానికి స్థలం తాలూకు వాళ్ల కాగితం కావాలి. ఆ ఒక్క కాగితానికి మూడు వారాలు పట్టింది. ఎవరూ కాదనలేదు, సంతకం పెట్టాల్సిన మనిషే దొరకలేదు. అప్పటికే తిరగాల్సిన పక్షులు మధ్యరకం బోన్లలో ఇరుక్కుపోయి ఉన్నాయి. ఆ మూడు వారాలే నాకు అన్నిటికంటే టెన్షన్.

ఆ ఆగిన కాలంలోనే ఎన్‌రిచ్‌మెంట్ పని, అంటే బోనులోని పక్షికి విసుగు రాకుండా ఏదో ఒక పని కల్పించడం, నేర్చుకున్నాను. గద్ద తెలివైన పక్షి, ఖాళీగా ఉంటే కట్టును, తన ఈకలనే పీక్కుంటుంది. బయట అది తిండి వెతుక్కోవడానికే రోజంతా గడుపుతుంది. కాళ్లతో ఎగరేసుకుపోయి గాల్లోనే తింటుంది. పళ్లెంలో ముక్కలు పెడితే రెండు నిమిషాల్లో అయిపోతుంది, మిగతా రోజంతా గోడ చూడాలి. కాబట్టి తిండిని కష్టపడి తీసుకునేలా పెట్టాలి. కోడి మెడ, కాళ్లు, తోలు, ఈకలతో సహా మోదుగాకులో చుట్టి నారతో కట్టి ఇచ్చేవాళ్లం. ఎముకలు, ఈకలు లోపలికి వెళితేనే మర్నాడు ఉండలా కక్కేస్తుంది, అది దాని కడుపుకు అవసరం. ఎండుటాకుల కుప్పలో ముక్కలు దాచేవాళ్లం. వెదురు బొంగుకు కన్నాలు చేసి లోపల మాంసం కూరితే ఒక పెద్ద గద్ద దాన్ని కాలితో తొక్కిపట్టి, తిప్పి తిప్పి, గంటసేపు పోరాడింది. అది చూస్తూ కెమెరా వెనక నేను చప్పట్లు కొట్టకుండా చేతులు పట్టుకున్నాను.

గూటికి గుడ్డపేలికలు, చిన్న పుల్లలు మోసుకెళ్లడం గద్దలకు అలవాటు. అందుకని గోనెపట్టా ముక్కలు, వేప పుల్లలు వేశాం. మొదటి రెండు రోజులు వాటివైపు చూడలేదు. తర్వాత ఒకటి తీసుకుని కర్ర మీదికి ఎక్కింది, పక్కదానికి అసూయ పుట్టినట్టుంది, అదీ తీసుకుంది. గోనె పీచులు వదులుగా ఉంటే వేళ్లకు చుట్టుకుంటాయి, అందుకే అంచులు మడిచి కుట్టాలి. తాడు ముక్క ఏదీ జానెడు మించకూడదు. దారం తెగ్గోసిన పక్షికి మళ్లీ దారమే ఉచ్చు కాకూడదు కదా. అద్దాలు, గంటలు, రంగు బొమ్మలు తెచ్చేవాళ్లున్నారు. దయచేసి వద్దు. అవి పెంపుడు చిలకలకు చెల్లుతాయేమో, అడవికి, ఆకాశానికి తిరిగి వెళ్లాల్సినదానికి మనిషి వస్తువుల మీద మోజు పెంచకూడదు. నేను పేరు పెట్టి పిలుస్తానంటే కూడా కేంద్రం అబ్బాయిలు ఒప్పుకోలేదు. రిజిస్టర్లో నంబరే.

ఫిబ్రవరి 20 ప్రాంతంలో మధ్యలో ఇంకో పని వచ్చిపడింది. దగ్గర్లోని ఒక అపార్ట్‌మెంట్ షాఫ్టులోంచి గుడ్లగూబ పిల్లలు రెండు కింద పడ్డాయి. తెల్లటి మొహం గుడ్లగూబలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వీటి గుడ్లన్నీ ఒకేసారి పిల్లలు కావు, అందుకే పిల్లల్లో ఆ తేడా. అపార్ట్‌మెంట్ వాళ్లు అరిష్టమని, తీసుకెళ్లిపొమ్మని పట్టుబట్టారు. కేంద్రం వాళ్లు మాత్రం తల్లిదండ్రులు బతికే ఉన్నాయి కాబట్టి అక్కడే గూడు పెట్టాలన్నారు. మనుషుల చేతుల్లో పెరిగిన పిల్ల వేట నేర్చుకోవడం చాలా కష్టం.

ఫర్నిచర్ షాపులో మిగిలిన ప్లైవుడ్ ముక్కలతో మామయ్య ఒక్క రోజులో పెట్టె చేశారు. ఖర్చు తొమ్మిది వందలు. ముఖ్యమైన కొలత ఒకటే: లోపలికి వెళ్లే కన్నం అడుగు నుంచి పెట్టె నేల దాకా పద్దెనిమిది అంగుళాల లోతు ఉండాలి. తక్కువుంటే పిల్లలు మళ్లీ కింద పడతాయి. కన్నం ఆరంగుళాలు. పెట్టె వెనక శుభ్రం చేయడానికి తలుపు. అపార్ట్‌మెంట్ పెద్దాయన్ను ఒప్పించింది అరిష్టం గురించి వాదన కాదు. షాఫ్టు కింద గుడ్లగూబలు కక్కిన ఉండలు విప్పి అందులో ఎలుకల పుర్రెలు చూపించాం. "మా సెల్లార్లో కార్ల వైర్లు కొరుకుతున్నవి ఇవేనా?" అని అడిగి, నిచ్చెన తనే పట్టుకున్నాడు. మొదటి రాత్రి ఏ పక్షీ రాలేదు. నాకు నిద్ర పట్టలేదు. రెండో రాత్రి పదకొండు దాటాక పైనుంచి బుసకొట్టినట్టు చప్పుడు, తిండి అడిగే పిల్లల అరుపు అది. తల్లి ఎలుకతో దిగింది. మార్చి నెలాఖరుకు రెండూ ఎగిరిపోయాయి.

కాగితం వచ్చాక పెద్ద బోను కట్టడానికి వారం చాలింది. ఇరవై అడుగుల పొడవు, నిలువుగా వెదురు బొంగులు, మధ్యలో వేలు దూరేంత సందు. నిలువుగా ఎందుకంటే పక్షి పట్టుకుని వేలాడలేదు, జారి దిగిపోతుంది, ఈకలు మిగులుతాయి. రెండు చివర్లా వేర్వేరు ఎత్తుల్లో కర్రలు, ఎక్కడానికి ఏటవాలు కొమ్మ, మునకలు వేయడానికి లోతు లేని పెద్ద ప్లాస్టిక్ తొట్టి. సగం కప్పు మాత్రమే మూశాం, గద్దలకు రెక్కలు పరిచి ఎండ కాచుకోవడం ఇష్టం. వెదురు, తాళ్లు, గ్రీన్ నెట్, కూలి కలిపి ఇరవై ఆరు వేలు అయింది. మా కుటుంబం, మేస్త్రి చుట్టాలు, మా ఆఫీసులో కొందరు పంచుకున్నాం. ఏప్రిల్ ఎండలకు గోనెసంచులు కట్టి రోజుకు మూడుసార్లు తడపాల్సి వచ్చింది. ట్యాంకర్ నీళ్ల ఖర్చు మా లెక్కలో లేనే లేదు. ఎవరైనా కట్టాలనుకుంటే దాన్ని ముందే వేసుకోండి.

ఏప్రిల్ రెండో వారంలో పైకప్పు ఒక పక్క తెరిచారు. బాగా ఎగురుతున్నవి తమంతట తామే వెళ్లాయి. కొన్ని రోజులపాటు కప్పు మీద మాంసం పెడుతూ ఉంటారు, వేట కుదరని పక్షి వచ్చి తింటుంది. ఒకటి వారం దాకా వచ్చింది, తర్వాత మానేసింది.

మా వీధిలో దొరికిన గద్ద వెళ్లలేదు. రెక్క ముందు అంచులోని స్నాయువు (టెండన్) పూర్తిగా తెగిపోయింది, రెక్క చివరిదాకా చాచలేదు. కర్ర నుంచి కర్రకు గెంతుతుంది, నాలుగడుగులు తేలుతుంది, అంతే. బాధపడుతూ బతకాల్సిన పక్షిని ఉంచడం సరికాదని డాక్టర్ గారు ముందే చెప్పారు. దీనికి నొప్పి లేదు, పాదాలు శుభ్రంగా ఉన్నాయి, తిండి లాక్కుని తింటోంది. అందుకే ఉంచారు. గూడు పడిపోయి వచ్చిన పిల్ల గద్దలు దీన్ని చూసి తినడం నేర్చుకుంటున్నాయి. నాకు దగ్గరికి వెళ్లాలని ఉంటుంది, వెళ్లను. నన్ను చూస్తే అది మెడ ఈకలు నిక్కబొడుచుకుని వెనక్కి జరుగుతుంది. అలా జరగడమే మంచిదని ఇప్పుడు నిజంగానే అనిపిస్తోంది. దానికోసం ప్రతి ఆదివారం కొమ్మల స్థానాలు మారుస్తాం, కొబ్బరి తాడు మురికైతే విప్పి కొత్తది చుడతాం.

చేయాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. అడవి పక్షినీ జంతువునూ ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుదరదు, దొరికితే 48 గంటల్లోపు అటవీ అధికారులకో పోలీసులకో తెలపాలి. మనం కట్టేది కేంద్రానికి, మన పెరట్లో పెంచుకోవడానికి కాదు. కట్టేముందు అక్కడి డాక్టర్‌ను కొలతలు అడగండి, వాళ్ల తలుపులోంచి బోను పడుతుందో లేదో కూడా కొలవండి. వెదురు డిసెంబరులోపే కొనండి. బోన్లు జనవరి మొదటి వారానికి అందేలా చూడండి, పండగ అయ్యాక మొదలుపెడితే మొదటి వారం పక్షులన్నీ అట్టపెట్టెల్లోనే ఉంటాయి. చెక్కపని రాకపోతే పాత తువ్వాళ్లు, దినపత్రికలు, గట్టి అట్టపెట్టెలు, ఎక్స్‌రే ఫిల్ములు పోగుచేసి ఇవ్వండి. మా మేస్త్రి దసరా తర్వాత ఖాళీ చూసుకుంటానన్నాడు, ఈసారి చిన్న బోన్లు పది చేయాలని లెక్క.